తక్కువ ఖర్చుతో పైరుకు గూడు

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మదనపల్లె, పలమనేరు, కుప్పం ప్రాంతాలకు వెళ్ళినప్పుడు రైతులు తరచుగా ఒక ప్రశ్న వేస్తూ ఉంటారు. "అయ్యా, రోడ్డు పక్కన తెల్లగా మెరిసే పాలీహౌసులు చూస్తున్నాము. అందులో పైరుకు ఎండ లేదు, వాన లేదు, పురుగు లేదంటున్నారు. సగము సొమ్ము సర్కారు ఇస్తుందంటున్నారు. మిగిలిన సగము బ్యాంకులో తెచ్చి మేమూ వేసుకోవచ్చునా?"

ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో జవాబు చెప్పడము తగదు. పైరుకు ఇల్లు కట్టడము మంచి పనే. అయితే ఆ ఇల్లు కట్టినందుకు రైతు తన ఇల్లు తాకట్టు పెట్టుకొనే స్థితి రాకూడదు. అందుచేత ఈనాడు నేను మీకు చెప్పదలచిన ముఖ్యవిషయము ఇది: మన పైరుకు శత్రువు ఎవరో, ఆ శత్రువు పైరును ఏ వయస్సులో దెబ్బతీస్తాడో ముందుగా తెలుసుకొని, అంతవరకే గూడు కట్టవలెను. అప్పుడది చవకగా పడును. శత్రువు ఎవరో తెలియకుండా కట్టిన ఇల్లు ఎంత సబ్సిడీ వచ్చినా ఖరీదైనదే.

చలిసీమలవారు ఏమి చేశారు?

ఈ ఇండ్లు పుట్టినవి చలిదేశాలలో. అక్కడి శత్రువు చలి. మన దేశములోనే లడఖ్ సీమను చూడండి. లేహ్ పట్టణము సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలములో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 20 డిగ్రీల వరకు పడిపోవును. మంచు పడి దారులు మూసుకొనిపోతే నెలల తరబడి పచ్చికూర కంటబడదు.

ఆ రైతులకు ఇనుపగొట్టాల ఇండ్లు కట్టే స్తోమత లేదు, వాటిని వేడిచేసే నూనె కొనే స్తోమత అంతకన్నా లేదు. అందుచేత వారు నేలను మూడడుగుల లోతున తవ్వి, పైన కట్టెలు పరచి, దానిమీద పాలిథీన్ కాగితము కప్పారు. నేలలోని వెచ్చదనమే ఆ గుంటకు కాపుదల. మరికొందరు ఉత్తరము, తూర్పు, పడమర దిక్కుల మట్టి ఇటుకలతో మందపాటి గోడలు పెట్టి, దక్షిణపు వైపు మాత్రము పాలిథీన్ వేశారు. పగటి ఎండకు గోడ వేడెక్కును, రాత్రి ఆ వేడిని లోపలికి వదలును. గోడలోపల గడ్డి కూరుట, రాత్రిపూట పైన మరొక దుప్పటి కప్పుట కూడ ఉన్నది. ఇటుక తనది, కట్టె తనది, రెక్కల కష్టము తనది. బయటినుంచి రావలసినది పాలిథీన్ కాగితము, మరికొద్ది సామాను మాత్రమే. ఆ విధముగా అక్కడ వందలకొద్దీ ఇండ్లు వెలసి, గడ్డకట్టే చలిలో ఆకుకూరలు పండుతున్నవి. చైనాలోని షాంటుంగ్ రైతులు కూడ ఇదే సూత్రముమీద మట్టిగోడల ఇండ్లు కట్టి, రాత్రిపూట గడ్డిచాపలు కప్పి, కొలిమి లేకుండా శీతాకాలపు కూరగాయలు తీస్తున్నారు.

స్పెయిన్ దేశములోని ఆల్మేరియా సీమ కథ మనకు ఇంకా దగ్గరిది. అది మనవలె వాన తక్కువైన మెట్టసీమ. అక్కడివారు ద్రాక్షకు కట్టెలు, తీగలతో పందిళ్ళు వేసేవారు. 1960 దశకములో ఆ పందిళ్ళమీదనే ప్లాస్టిక్ కాగితము పరచి, అడుగున కూరగాయలు పెట్టారు. కొత్త ఇల్లు కట్టలేదు, ఉన్న పందిరినే ఇల్లు చేసుకొన్నారు. ఈనాడు అది ప్రపంచములోనే అతి పెద్ద ప్లాస్టిక్ ఇండ్ల సేద్యపు సీమలలో ఒకటి.

ఈ ముగ్గురిలో ఎవరి ఇల్లు చూసినా ఒకటే నీతి. వారు పొరుగువాని ఇంటిని చూసి కట్టలేదు. తమ శత్రువును చూసి, తమ చేతిలో ఉన్న సామానుతో కట్టుకొన్నారు.

మన శత్రువు ఎవరు?

ఇప్పుడు మన సంగతికి వద్దాము. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు పల్లపు నేలలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండుటచేత అక్కడ కొంత చల్లదనము ఎక్కువ. డిసెంబరు, జనవరి రాత్రులలో చలి 15 డిగ్రీల లోపునకు దిగుట కద్దు. హార్సిలీ కొండ మీద ఇంకా చల్లన. అయినా మన చలి పైరును చంపే చలి కాదు. విత్తనము మొలకెత్తుటలో ఆలస్యము, నారు ఎదుగుటలో మందకొడితనము, అంతమాత్రమే.

మన అసలు శత్రువులు నలుగురు. మొదటివాడు మార్చి నుంచి మే వరకు కాచే ఎండ. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమోటా పూత రాలి పిందె సరిగా నిలువదు. రెండవవాడు తెల్లదోమ. ఇది ఆకుముడుత వైరస్‌ను మొక్కనుంచి మొక్కకు మోసుకొనిపోవును. మూడవవాడు అదనుతప్పి కురిసే జడివాన. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను ముంచెత్తిన వానలను మీరు మరచిపోయి ఉండరు. నాలుగవవాడు నీటి ఎద్దడి. బోరు ఎండితే ఏ ఇల్లు కట్టినా లాభము లేదు.

చలిదేశపు ఇల్లు వేడిని పట్టి ఉంచుటకు కట్టినది. దానిని ఉన్నదున్నట్లు తెచ్చి మన ఎండలో నిలిపితే, లోపలి వేడి బయటికన్న మరికొన్ని డిగ్రీలు పెరిగి పైరు ఉడికిపోవును. మనకు కావలసినది వేడిని పట్టే ఇల్లు కాదు. ఎండను వడకట్టి, గాలిని రానిచ్చి, దోమను ఆపే గూడు. ఇది మన పెద్దలకు తెలియని విద్యయు కాదు. వేసవిలో ఇంటిముందు కొబ్బరాకుల చలువపందిరి వేసినవారు మనమే. తమలపాకు తోటకు అవిసెచెట్ల నీడను, గాలిమరుగును కల్పించినవారు మనవారే.

పెద్ద ఇంటి లెక్క

పాలీహౌసు లెక్క ఒకసారి కాగితముమీద వేసి చూద్దాము. 2014లో కేంద్రప్రభుత్వపు సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ నిర్ణయించిన అంచనాలను తీసుకొందాము. తరువాత ధరలు పెరిగినవి, నిబంధనలు మారినవి, గాని లెక్క వేయు పద్ధతి మారలేదు.

ఆ అంచనాలో గాలి ఆడే ఇనుపగొట్టాల పాలీహౌసుకు, పెద్ద విస్తీర్ణములో, చదరపు మీటరుకు 844 రూపాయలు. ఇంచుమించు ఎకరము, అనగా 4,000 చదరపు మీటర్లు కడితే 33 లక్షల 76 వేల రూపాయలగును. అందులో సగము సబ్సిడీ వచ్చినా, రైతు భరించవలసినది 16 లక్షల 88 వేలు. ఈ మొత్తమును నూటికి 10 వంతున వడ్డీకి తెచ్చి, 7 ఏండ్లలో సమాన వాయిదాలుగా తీర్చవలసి వచ్చినదనుకొందాము. ఏటా సుమారు 3 లక్షల 47 వేల రూపాయలు కట్టవలెను. విత్తనము, ఎరువు, కూలి, కరెంటు ఇంకా లెక్కకు రాలేదు. మూడు నాలుగేండ్లకొకసారి మార్చవలసిన పాలిథీన్ కాగితము కూడ లెక్కకు రాలేదు. అందులో క్యాప్సికమ్ వేసి 40 టన్నుల దిగుబడి తీసినప్పటికిని, ప్రతి కిలోకు 8 రూపాయల 67 పైసలు ఇంటి బాకీ కిందనే పోవును.

ఇక అమ్మకము ధర సంగతి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో మేలురకము టమోటా కిలో 200 రూపాయల దరిదాపునకు పోయినది. ఆ ధర చూసి ఎందరో లెక్కలు కట్టుకొన్నారు. రెండు నెలలు తిరగకముందే అదే టమోటా కిలో 20 రూపాయల లోపునకు దిగినది. ధర ఎక్కినట్లు దిగును, బ్యాంకు వాయిదా మాత్రము దిగదు. జూలై ధరను చూసి ఏడేండ్ల అప్పునకు సంతకము చేయుట వివేకము కాదు.

బెంగుళూరు అంగడి దగ్గరగా ఉండి, నికరమైన నీరు ఉండి, కొనేవాడు ముందుగానే కుదిరి, పూలు గాని రంగు క్యాప్సికమ్ గాని పండించుటలో చెయ్యి తిరిగినవారికి పాలీహౌసు పనికివచ్చును. అటువంటివారు మనలో ఉన్నారు. అందరూ అటువంటివారు కారు.

అర సెంటు గూడు

ఇప్పుడు మరొక లెక్క చూడండి. ఆకుముడుత వైరస్ టమోటాకు ఎప్పుడు సోకితే ఎక్కువ నష్టము? మొక్క పసిదిగా ఉన్నప్పుడు. మొలిచిన మొదటి నెలలో వైరస్ ఎక్కిన మొక్క గిడసబారి, కాపునకు రాకుండా పోవును. కాపు పట్టిన తరువాత సోకితే నష్టము స్వల్పము. అనగా మనకు కాపుదల అత్యవసరమైనది ఎకరము పొలమునకు కాదు, నారునకు. నాలుగు నెలలకు పైబడిన పైరుకాలములో మొదటి 25, 30 దినాలకు.

ఎకరానికి ఎంత నారు కావలెను? సాలుకు సాలుకు 4 అడుగులు, మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు ఎడముగా నాటితే 7,260 మొక్కలు పట్టును. మొలవనివి, చచ్చినవి పోగా, 98 గుంటల ప్రోట్రేలు 85 ఉంటే చాలును. ఒక్కొక్క ట్రే సుమారు 21 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు. 85 ట్రేలకు సుమారు 136 చదరపు అడుగుల చోటు పట్టును. నడిచే దారులు కలుపుకొని 16 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు గల గూడు సరిపోవును. అది అర సెంటు నేల.

చూశారా! ఎకరము టమోటా పసితనమును కాపాడుటకు అర సెంటు గూడు చాలును. అదే 2014 అంచనాలో వెదురుతో కట్టే షేడ్‌నెట్ గూడుకు చదరపు మీటరుకు 360 రూపాయలు. దోమతెర, రెండవ తలుపు వేయుటకు మరికొంత కలుపుకోవలెను. ఆ కొంత అటుంచితే, పదిమంది రైతులు కలిసి 5 సెంట్లు, అనగా సుమారు 200 చదరపు మీటర్లు కడితే 72 వేల రూపాయలు. మనిషికి 7,200. ఒక విడతలో పది ఎకరాల నారు ఎదుగును. ఏడాదిలో మూడు విడతలు తీస్తే ముప్పది ఎకరాలు. ఇంత చవకైన కాపుదల మరొకటి లేదు. మన ప్రాంతములో ప్రోట్రే నారు అమ్మే నర్సరీలు వెలసినది ఈ కారణముచేతనే. మహిళా పొదుపు సంఘాలు కూడ ఈ పని చక్కగా చేయగలవు. నారు పెంపకములో కావలసినది కండబలము కాదు, పూటపూటా చూసుకొనే ఓపిక.

గూడు కట్టే విధానము

గూటికి స్థలము ఎండ బాగా తగిలేదిగా, నీరు నిలువనిదిగా ఉండవలెను. పాత టమోటా, మిరప తోటలకు దూరముగా ఎంచుకోవలెను. వెదురు గాని సరుగుడు కట్టెలు గాని వాడవచ్చును. నేలలో రెండడుగులు పాతే భాగమునకు తారు పూస్తే చెద పట్టదు. ఎత్తు పక్కల 8 అడుగులు, నడుమ 9 అడుగులకు తక్కువ కాకూడదు. గూడు పొట్టిదైతే వేడి పైకి పోవుటకు చోటు ఉండదు.

నాలుగు పక్కల, పైన తెల్లని దోమతెర వేయవలెను. అంగుళానికి 40 కన్నులున్న తెర తెల్లదోమను చాలవరకు ఆపును, 50 కన్నులున్నది ఇంకా మేలు. తామరపురుగులు మాత్రము ఇంతకంటె సన్ననివి, కావున తెర ఉన్నదని నిర్లక్ష్యము చేయక నారును గమనిస్తూ ఉండవలెను. తెర అంచును ఒక అడుగు లోతున మట్టిలో పూడ్చవలెను. తలుపులు రెండు ఉండవలెను, వాటి నడుమ మూడడుగుల ఎడము ఉంచవలెను. ఒక తలుపు మూసిన తరువాతనే రెండవది తెరవవలెను. ఈ చిన్న నియమము తప్పితే గూటికి పెట్టిన ఖర్చంతా వృథా.

షేడ్‌నెట్‌ను తెరకు కుట్టివేయవద్దు. పైన విడిగా తీగమీద వేసి, చుట్టుటకు, పరచుటకు వీలుగా ఉంచండి. నూటికి 50 వంతుల నీడనిచ్చే నెట్టు చాలును. వేసవిలో పగలు పది గంటల నుంచి నాలుగు గంటల వరకు పరచి, తక్కిన సమయములో తీసివేయవలెను. మబ్బుపట్టిన దినాలలో అసలు వేయనక్కరలేదు. నీడ ఎక్కువైతే నారు సన్నగా, పొడవుగా సాగి, నాటిన వెంటనే వాలిపోవును. వాన వచ్చే సూచన ఉంటే పైభాగమున మాత్రము వాలుగా పాలిథీన్ కాగితము కప్పి, పక్కలు గాలికి వదలవలెను. తుఫాను హెచ్చరిక వస్తే కాగితమును, షేడ్‌నెట్‌ను విప్పి చుట్టి పెట్టండి. లేకున్న గాలికి గూడు మొత్తము లేచిపోవును.

లోపల ఒక ఉష్ణమాపకము వ్రేలాడదీయండి. బయటికన్న లోపల నాలుగు డిగ్రీలకు మించి వేడి ఉంటే తెర కన్నులలో దుమ్ము చేరినదని తెలుసుకొని నీటితో కడగండి.

నారు పెంపకము

ట్రేకు సుమారు 1.2 కిలోల చొప్పున మాగిన కొబ్బరిపొట్టు నింపవలెను. గుంటకొక విత్తనము అర అంగుళము లోతునకు మించకుండా వేసి, పైన పొట్టుతో కప్పి, తగుమాత్రము తడి చేయవలెను. ట్రేలను పదేసి చొప్పున ఒకదానిమీద ఒకటి పేర్చి, పాలిథీన్ కాగితము కప్పి నీడలో ఉంచవలెను. మూడవ దినము నుంచి ఉదయము, సాయంత్రము విప్పి చూడండి. మొలక తల ఎత్తగానే ట్రేలను గూటిలో పరచవలెను. ఒక్కపూట ఆలస్యమైతే మొలకలు తెల్లగా సాగిపోవును.

పీఠభూమి ప్రాంతపు రైతులకు డిసెంబరు, జనవరి నెలలలో మొలక ఆలస్యమగును. అప్పుడు లడఖ్ వారి యుక్తిని మనము చిన్న మోతాదులో వాడుకోవచ్చును. ట్రేల వరుసమీద వెదురు బద్దలను విల్లువలె వంచి, రెండడుగుల ఎత్తున గుడారము చేసి, పలుచని పాలిథీన్ కాగితము కప్పవలెను. సాయంత్రము అయిదు గంటలకు మూసి, పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకు తెరవవలెను. పగలు తెరవడము మరచితే ఒక్క మధ్యాహ్నములోనే నారు మాడిపోవును. మన ఎండ లడఖ్ ఎండ కాదని గుర్తుంచుకోండి.

నీరు పూలబుట్టతో సన్నని జల్లుగా పోయవలెను. అదేపనిగా తడిపితే నారుకుళ్ళు తెగులు వచ్చును. 12వ దినమున, 20వ దినమున నీటిలో కరిగే 19-19-19 ఎరువును లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి పోస్తే చాలును. నాటుటకు అయిదు దినాల ముందునుంచి నీరు తగ్గించి, నీడ తొలగించి, నారును రాటుదేల్చవలెను. ముద్దుగా పెరిగిన నారు పొలములో నిలువదు.

పొలములో కాపుదల

గూటినుంచి బయటికి వచ్చిన మొక్కకు తెల్లదోమ ఎదురుగానే ఉండును. అక్కడ ఇల్లు కట్టలేము, గాని కాపుదల చేయగలము.

మొదటిది విత్తనము. ఆకుముడుతను తట్టుకొనే హైబ్రిడ్ రకమే అన్నిటికన్న చవకైన ఇల్లు. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ అటువంటిది. రెండవది మల్చింగ్ షీటు. వెండి రంగు పైకి, నలుపు కిందికి ఉండేటట్లు పరచితే వెలుతురు తిరిగి కొట్టి తెల్లదోమ, తామరపురుగులు కొంత తొలగిపోవును. తేమ నిలిచి బోరునీరు ఆదా అగును, కలుపు ఖర్చు తగ్గును. మూడవది కంచె పైరు. నాటుటకు రెండు మూడు వారాల ముందే పొలము చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్న గాని మొక్కజొన్న గాని దట్టముగా వేయవలెను. నాలుగవది పలుచని తెల్లబట్టవంటి పైరుకప్పు. దీనిని బద్దలమీద పరచి సాలుకు సాలు కప్పితే మొదటి నాలుగు వారాలు దోమ దరిచేరదు. పూత రాగానే తీసివేయవలెను. పుచ్చ, దోస, బీర వంటి పైర్లకు తేనెటీగ రావలసినదే, కప్పు తీయకపోతే పిందె పడదు.

అయిదవది మన చేతిలోనే ఉన్నది, కాని మనము చేయుటలేదు. ధర పడిపోయి కోతకూలి గిట్టనప్పుడు టమోటా తోటను అట్లే వదిలివేస్తున్నాము. ఆ బాధ నాకు తెలియనిది కాదు. కాని వదిలివేసిన ఆ తోట తెల్లదోమకు పుట్టినిల్లు. పక్కన కొత్తగా నాటిన మీ తమ్ముని తోటకో, మీ పొరుగువాని తోటకో తెగులు అక్కడినుంచే పోవును. కోయనక్కరలేని తోటను వెంటనే పీకి, దున్నివేయండి. దీనికి ఊరంతా ఒక మాటమీద నిలువవలెను. పదిమంది గూడు కట్టి, పదకొండవవాడు పాడుతోట పెట్టుకొంటే ఫలితము ఉండదు.

మరొక మెట్టు: రాతికూసాల పందిరి

మన ప్రాంతములో కాకర, బీర, సొరలకు రాతికూసాలు నాటి, తీగలు లాగి శాశ్వతమైన పందిళ్ళు వేసినవారు చాలమంది ఉన్నారు. ఆల్మేరియా రైతులు చేసినట్లు ఆ పందిరినే మనము రెండవ పనికి వాడుకోవచ్చును. తీగపైరు ముగిసి పందిరి ఖాళీగా ఉన్న వేసవి నెలలలో పైన 50 వంతుల షేడ్‌నెట్ పరచి, అడుగున కొత్తిమీర, మెంతి, పాలకూర వేయండి. ఎండాకాలములో కొత్తిమీర దొరకనప్పుడే ధర ఉండును. నలభై, నలభై అయిదు దినాలలో పంట చేతికి వచ్చును. కూసము ఖర్చు ఇదివరకే పెట్టినది, కొత్తగా కొనవలసినది నెట్టు మాత్రమే. వానలు మొదలుకాగానే దానిని చుట్టి ఎలుకలు చేరనిచోట భద్రపరిస్తే కొన్ని ఏండ్లు పనికివచ్చును. మొదటి ఏడు పది సెంట్లకు మించి వేయవద్దు. అమ్మకము చూసుకొని పెంచండి.

పెద్ద ఇల్లు కట్టదలచినవారికి

అన్నీ ఆలోచించి పాలీహౌసు కట్టవలెననే తీర్మానానికి వచ్చినవారు ఈ క్రింది విషయాలు చూసుకొన్న తరువాతనే సంతకము చేయవలెను.

ఒకటి, నీరు. ఏప్రిల్, మే నెలలలో మీ బోరు ఎంత పోస్తుందో కొలిచి చూడండి. నీటిని పరీక్ష చేయించండి. ఇంటి కప్పుమీద పడే వాన వృథా కాకుండా తొట్టెకు మళ్ళించండి. 1,000 చదరపు మీటర్ల కప్పుమీద 700 మిల్లీమీటర్ల వాన పడితే అది 7 లక్షల లీటర్లు. అందులో నూటికి 80 వంతులు పట్టినా 5 లక్షల 60 వేల లీటర్లు మీవి.

రెండు, సొమ్ము. సబ్సిడీ సామాన్యముగా ఇల్లు పూర్తియై, తనిఖీ అయిన తరువాతనే వచ్చును. అంతవరకు మొత్తము ఖర్చును భరించే దారి ఉన్నదా? ఈ ఏటి నిబంధనలు, హద్దులు ఏమిటో ఉద్యానశాఖ అధికారి వద్ద గాని రైతు సేవా కేంద్రములో గాని కాగితముమీద చూసుకోండి. ఏజెంటు నోటిమాట నమ్మవద్దు.

మూడు, నేల. ఒకే ఇంటిలో ఏటేటా ఒకే పైరు వేస్తే రెండు మూడేండ్లకు వేరుబుడిపెల నులిపురుగులు బలిసిపోవును. ఇల్లు కదలదు గదా, పైరునైనా మార్చవలెను. నడుమ బంతి వేయవలెను. ఏప్రిల్, మేలలో నేలను తడిపి పారదర్శకమైన పాలిథీన్ కాగితము నేలకు అంటుకొనేటట్లు పరచి ఆరు వారాలు ఉంచితే, మన ఎండయే శిలీంద్రాలను, నులిపురుగులను చాలవరకు అణచివేయును. చలిదేశాల రైతుకు లేని మందు మనకు ఆకాశమునుంచి ఉచితముగా దొరుకుచున్నది.

నాలుగు, అమ్మకము. కొనేవాడు ఎవరు, ధర ఎంత, సరుకు ఎక్కడికి చేర్చవలెను అనునవి కట్టకముందే తేల్చుకోవలెను. గత అయిదేండ్లలోని అతి తక్కువ ధరను తీసుకొని లెక్క వేయండి. ఆ ధరకు కూడ వాయిదా తీరితే కట్టండి. తీరకపోతే ఆగండి. ఆగినందువల్ల రైతు చెడిపోడు.

ముగింపు

సోదరులారా, లడఖ్ రైతు మూడడుగుల గుంటతో మొదలుపెట్టినాడు. మనము అర సెంటు గూడుతో మొదలుపెడదాము. ఈ ఏడు మీ ఊరిలో పదిమంది కలిసి ఒక గూడు కట్టండి. అందులో పెరిగిన నారు నాటిన మడిని, బయట పెరిగిన నారు నాటిన మడిని పక్కపక్కనే ఉంచి, ముడుత పట్టిన మొక్కలను రెండింటిలోను లెక్కించి వ్రాసిపెట్టుకోండి. ఆ లెక్క నా ప్రసంగముకన్న మీకు ఎక్కువ చెప్పును. లాభము కనిపిస్తే మరుసటి ఏడు పందిరిమీద నెట్టు వేయండి. ఆ తరువాత, చేతిలో సొమ్ము, పనిలో అనుభవము, అంగడిలో పరిచయము ఏర్పడితే, పెద్ద ఇంటి సంగతి ఆలోచించండి.

నారు కట్టలు, ఆకుల నమూనాలు తెచ్చి చూపితే తిరుపతిలోని వ్యవసాయ పరిశోధన స్థానములోను, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రములోను తగిన సలహా లభించును. మీ లెక్కల పుస్తకమును కూడ వెంట తీసుకొనిరండి. పైరు రోగము చూచినట్లే ఖర్చు లెక్కను కూడ కలిసి కూర్చుండి చూద్దాము.